రోహిణి ఎండల్లో ఉన్ని సాక్సులు: పెట్టిన డబ్బుకు తగ్గ ఫలితం ఉందా?

ఫిబ్రవరి, శివరాత్రి వారం

నాకు తేలాల్సింది ఒక్కటే. జత 80 రూపాయల కాటన్ సాక్సుకీ, మెరినో అనే గొర్రె జాతి సన్న ఉన్నితో అల్లిన, జత 950 పెట్టి కొనే సాక్సుకీ ఉన్న తేడా అనంతపురం ఎండల్లో, పొద్దస్తమానం సేఫ్టీ షూలో ఉండే కాలికి తెలుస్తుందా? చలిదేశాల వాళ్లు ఉన్ని సాక్సుల గురించి చెప్పే మాటలు మనకు సగమే పనికొస్తాయి. వాళ్లకు కాలు వెచ్చగా ఉండాలి, మనకు చెమట పోవాలి. అందుకే ఇక్కడే, నా కాళ్ల మీదే చూద్దామని ఈ డైరీ మొదలుపెట్టాను.

తాడిపత్రి వైపు ఒక సోలార్ ప్లాంటులో మెయింటెనెన్స్ పని నాది. పొద్దున ఏడింటికి లేసు కడితే మళ్లీ విప్పేది భోజనాల దగ్గరే. వేళ్ల మీద ఉక్కు రేకు ఉండే బరువైన షూ, కింద నల్లరేగడి, కొన్ని వరసల దగ్గర నాపరాయి. ఎండలు ముదిరితే మాలో చాలామందికి వేళ్ల సందుల్లో చర్మం నాని తెల్లబడి ఊడుతుంది, మడమ మీద బొబ్బలు లేస్తాయి. పౌడరు చల్లుకుంటారు, మందు పూసుకుంటారు, మర్నాడు మళ్లీ అదే సాక్సు తొడుక్కుంటారు. షూ గురించి మాట్లాడతారు గానీ సాక్సు మాట ఎవరూ ఎత్తరు. చర్మానికి రోజంతా అంటిపెట్టుకుని ఉండేది మాత్రం అదే.

కొన్నవి ఇవి. టవర్ క్లాక్ దగ్గర కాటన్ సాక్సులు మూడు జతలు, 240. అక్కడే ఒక పాలియెస్టర్ స్పోర్ట్స్ జత, 150. ఆన్‌లైన్లో మెరినో రెండు జతలు, ఒకటి పల్చనిది, ఒకటి అరికాలి కింద మెత్తగా దళసరి అల్లిక ఉన్నది, రెండూ ఒకే ధర. వీటికి తోడు, చలికాలంలో రోడ్డు పక్క స్వెటర్ల అంగట్లో ఉన్నివని చెప్పి అమ్మిన 120 రూపాయల జత ఒకటి ఇంట్లోనే ఉంది. బరువు చూడటానికి ఒక్క గ్రాము తేడానూ చూపించే చిన్న డిజిటల్ తూకం తెప్పించాను.

ఫిబ్రవరి చివర

ముందు అగ్గిపుల్ల పరీక్ష. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, కాకపోతే పక్కన గిన్నెతో నీళ్లు ఉండాలి. సాక్సు లోపలి వైపు నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని మంట దగ్గరికి తీసుకుపోవాలి.

120 రూపాయల ‘ఉన్ని’ పోగు మంట తగలగానే కరిగింది, మంట తీసేసినా కాలుతూనే ఉంది, చివర నల్లటి పూస కట్టింది. ఆ పూసను గోటితో నొక్కినా చితకలేదు. అది అక్రిలిక్, అంటే ఉన్నిలా కనబడే కృత్రిమ పోగు. చూపుకు, చేతికి ఉన్నిలాగే ఉంటుంది, తాగే చెమట మాత్రం చాలా తక్కువ.

మెరినో పోగు మంటకు ముడుచుకుంది, వెంట్రుక కాలిన వాసన గుప్పుమంది, మంట తీయగానే ఆరిపోయింది. బూడిదను వేళ్ల మధ్య నలిపితే చాలావరకు పొడి అయింది, మధ్యలో ఇసుక రేణువంత గట్టి పలుకు ఒకటి మిగిలింది. లేబుల్ మీద 68 శాతం మెరినో, 29 శాతం నైలాన్, 3 శాతం ఎలాస్టేన్ (రబ్బరులా సాగే పోగు) అని ఉంది. ఆ పలుకు నైలాన్‌దే. నైలాన్ కలిసిందని చిన్నచూపు చూడక్కర్లేదు. నూటికి నూరుపాళ్లు ఉన్ని అయితే సేఫ్టీ షూ రాపిడికి మడమ త్వరగా పోతుంది. పాతిక, ముప్పై శాతం నైలాన్ కలిస్తేనే సాక్సు నిలబడుతుంది. 10 శాతం ఉన్ని వేసి పైన పెద్దక్షరాలతో ‘వుల్’ అని కొట్టేవాటినే చూసుకోవాలి. కొనేముందు లేబుల్ తిప్పి శాతాలు చదవండి. శాతాలు రాయని సాక్సుకు ఉన్ని ధర ఇవ్వకండి.

ఉగాదికి ముందు

ఒక కాలికి ఉన్ని, ఒక కాలికి కాటన్. ఎడమకు పల్చని మెరినో, కుడికి కాటన్. షూ ఒకటే, నడక ఒకటే, ఎండ ఒకటే. ఒక కాలికి చెమట ఎక్కువ పట్టే గుణం ఉంటే లెక్క తప్పుతుందని మర్నాడు కాళ్లు మార్చాను.

తొడుక్కునే ముందు మెరినో సాక్సు 36 గ్రాములు, కాటన్ 31. సాయంత్రం విప్పి వెంటనే తూస్తే మెరినో 43, కాటన్ 44. ఉన్ని 7 గ్రాములు పట్టింది, కాటన్ 13. కాళ్లు మార్చినా ఇంచుమించు ఇదే తేడా.

చేతికి తగిలిన తేడా ఇంకా పెద్దది. కాటన్ సాక్సును పిండితే నీళ్లు కారలేదు గానీ అరచేయి తడిసింది. మెరినోను చెంపకు ఆనించి చూశాను, చల్లగా ఉంది తప్ప తడి తగల్లేదు. కాళ్లు చూస్తే కాటన్ వేసిన కాలి బొటనవేలి కింద చర్మం ముడతలు పడి తెల్లగా ఉంది, ఉన్ని వేసిన కాలు మామూలుగా ఉంది.

కారణం పోగు లోపల ఉంది. ఉన్ని పోగు పైపొర నీటి బొట్టును అంటనివ్వదు, ఆవిరిని మాత్రం లోపలికి తీసుకుంటుంది. తన బరువులో ఇంచుమించు 30 శాతం దాకా ఆవిరి తాగినా పైకి తడి తెలియదు. నా తూకంలో సాక్సు మొత్తం మీద 36కు 7 అంటే 20 శాతం లోపే. కాటన్ కూడా బాగానే తాగుతుంది, కానీ నీళ్లు పోగుల మధ్య నిలిచిపోయి చర్మానికి అంటుకుంటాయి. తడిసిన చర్మం మీద గుడ్డ జారదు, పట్టి లాగుతుంది. బొబ్బ లేచేది అక్కడే.

పాలియెస్టర్ జతను విడిగా ఒక రోజంతా వేసి చూశాను. 27 గ్రాములది 33 అయింది. పాలియెస్టర్ పోగు తాగే నీరు ఒక శాతం కూడా ఉండదు, ఆ 6 గ్రాములూ పోగుల సందుల్లో ఇరుక్కున్నవే. మధ్యాహ్నానికే షూలో కాలు జారడం మొదలైంది. సాయంత్రం షూ విప్పాక వచ్చిన వాసన గురించి రాయకపోవడమే మంచిది. ఒంటి నూనెలు పాలియెస్టర్‌కు బాగా పట్టుకుంటాయి, ఉతికినా పూర్తిగా వదలవు. ఒక్క ఆరడంలో మాత్రం అందరికంటే ముందుంది. దండెం మీద వేసి టీ తాగి వచ్చేలోపు ఆరింది.

ఏప్రిల్

ఉతుకు గురించి. మా బోరు నీళ్లు బాగా ఉప్పు, బట్టల సబ్బు నురగ రాదు, రాసిన సబ్బు జిడ్డులా గుడ్డకు పట్టుకుంటుంది. పైగా ఉన్ని అంటే వెంట్రుకే, ఘాటు సబ్బుకు, సోడాకు పాడవుతుంది. మా అమ్మ పట్టుచీరలకు చేసినట్టే కుంకుడుకాయలు నలగ్గొట్టి, నానబెట్టి, ఆ రసం చల్లారాక అందులో సాక్సులు వేసి చేత్తో మెల్లగా నొక్కాను. రుద్దలేదు, మెలితిప్పి పిండలేదు. తువ్వాల్లో చుట్టి నొక్కి నీడన వేశాను. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మనకు నీడలోనూ రాత్రికి రాత్రే ఆరిపోతాయి. కుంకుళ్లు లేకపోతే తల షాంపూ చాలు.

వేడినీళ్లు, రుద్దుడు రెండూ కలిస్తే ఉన్నికి ఏమవుతుందో చూడటానికి విడి ఉన్ని పీచు కొంచెం తీసుకుని మరిగిన నీళ్లలో సబ్బు వేసి అరచేతుల మధ్య రుద్దాను. కాసేపటికే ముద్దకట్టి గట్టి గోళీ అయింది, విడదీద్దామన్నా రాలేదు. పోగు మీద పొలుసులు ఉంటాయి, అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటే ఇక ఊడవు. మెషీన్లో ఉతకొచ్చని రాసి ఉన్న సాక్సుల్లో ఈ పొలుసుల్ని రసాయనంతో అణిచి, పైన పల్చటి పూత వేస్తారు. అవి కొంత మొరటుతనాన్ని తట్టుకుంటాయి, అయినా వేడినీళ్లు వద్దు.

వాసన పరీక్ష కూడా ఈ నెలలోనే చేశాను. మెరినోను ఉతక్కుండా రాత్రి గాలికి ఆరేసి మర్నాడు మళ్లీ వేసుకుంటే ఇబ్బంది లేదు. మూడో రోజు తెలుస్తుంది. కాటన్ అయితే మొదటి రోజు సాయంత్రానికే ఉతకాల్సిందే. రెండే జతలతో వారం గడవడానికి ఇది పెద్ద ఆసరా, లేకపోతే ఇంత ధర పెట్టి ఆరు జతలు కొనడం ఎవరి వల్లా కాదు.

రోహిణి కార్తె

అసలు పరీక్ష ఇదే. ప్లాంటులో మా టెక్నీషియన్ కుర్రాడు చూసి, “ఈ ఎండలకు ఉన్ని సాక్సులేందన్నా, కాళ్లు ఉడికిపోవా?” అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. నేను ఈ పనికి దిగిందే దాని కోసం.

ఉన్ని తొడిగిన మొదటి అరగంట కాలు కొంచెం వెచ్చగానే అనిపిస్తుంది. అది ఊహ కాదు. ఉన్ని ఆవిరిని తాగేటప్పుడు నిజంగానే కాస్త వేడి పుడుతుంది. ఆ తర్వాత సర్దుకుంటుంది. నలభై దాటిన ఎండలో పల్చని మెరినోకూ కాటన్‌కూ వేడిలో నాకు తేడా తెలియలేదు, ఎందుకంటే వేడంతా షూ నుంచి, నేల నుంచి వస్తోంది. తడిలో మాత్రం తేడా అలాగే నిలబడింది. మధ్యాహ్నం భోజనాలప్పుడు షూ విప్పి పది నిమిషాలు కాళ్లు చాపితే ఉన్ని తాగిన ఆవిరి ఆ పొడిగాలికి చాలావరకు వదిలేస్తుంది. కాటన్ అంత త్వరగా వదలదు, తడి కాలితోనే మళ్లీ షూలోకి పోవాలి.

దళసరి మెరినో మాత్రం మన ఎండాకాలానికి పనికిరాదు. రెండు గంటలు దాటాక అరికాళ్లు మండాయి, షూ కూడా బిగుతైంది. బిగుతైతే రక్తం సరిగా ఆడదు, గాలి ఆడదు, ఏ పోగు వేసినా లాభం ఉండదు. దాన్ని చలికాలానికి కట్టిపెట్టాను. ఉన్ని వేడి అని మనవాళ్లు అనేది ఈ మందం వల్లే. సాక్సును వెలుతురుకు పట్టుకుంటే చేతి వేళ్ల నీడ లీలగా కనబడాలి. ఎండాకాలానికి ఆ మందమే సరి.

ఈసారి వేసవిలో వేళ్ల సందుల్లో చర్మం నానలేదు. పౌడరు డబ్బా అలాగే ఉంది. మందు ట్యూబు కొనే పని పడలేదు. ఇది రాస్తుంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది. ఏటా ఈ నెలలో నడకలో కుంటు ఉండేది.

మృగశిర దాటాక

ఆదివారం కళ్యాణదుర్గం వైపు ఒక ఊరికి వెళ్లాను, ఉన్ని మాటే అడుగుదామని. మన జిల్లాలో ఏ దారిన పోయినా గొర్రెలే కనబడతాయి. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలు లెక్కకొచ్చాయి, తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం మనదే. ఇంత మంద పెట్టుకుని కాలికి ఎక్కడిదో ఉన్ని ఎందుకు?

కురుబ తాత ఒకాయన, మంద తోలుకొచ్చి చెట్టు కింద కూర్చున్నాడు. ఉన్ని సంగతి అడిగితే, “ఇప్పుడెవురు కొంటారు నాయనా? కత్తిరించే కూలి కూడా రాదు. అందుకే శానామంది బొచ్చు లేని నెల్లూరు గొర్రెలకు మల్లుకున్నారు” అన్నాడు. నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు, మాంసానికే పెంచుతారు. ఆయన మందలో ఇంకా నల్ల దక్కనీ గొర్రెలు కొన్ని ఉన్నాయి. ఒక పిడికెడు ఉన్ని ఇచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆ పీచును, మెరినో సాక్సు నుంచి లాగిన పోగును తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూశాను. మెరినో పోగు సన్నగా, నూలుకన్నా నాజూగ్గా, చిన్న చిన్న వంపులతో ఉంది. దక్కనీ పీచు మొద్దుగా, బిరుసుగా, మధ్యమధ్య పెళుసు వెంట్రుకలతో ఉంది. పోగు మందాన్ని మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలుస్తారు, మెరినో 17 నుంచి 22 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, దక్కనీ 30 దాటేస్తుంది. 30 దాటిన పోగు కొన చర్మానికి తగిలితే వంగదు, గుచ్చుకుంటుంది. ఉన్ని దురద అని మనం అనేది ఆ గుచ్చుడే. మన దేశంలో దొరికే ఉన్నిలో ఎక్కువ భాగం తివాచీలకూ కంబళ్లకూ పోయేది ఇందుకే. సన్న ఉన్ని ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. 950లో గొర్రె జాతికి కట్టేది, సముద్రం దాటి వచ్చినందుకు కట్టేది, సన్నగా వడికి దట్టంగా అల్లినందుకు కట్టేది అన్నీ కలిసి ఉన్నాయి. బ్రాండు పేరుకు కట్టేదీ ఉంటుంది, కానీ అదొక్కటే కాదు.

అలాగని దక్కనీ ఉన్నిని వదిలెయ్యబుద్ధి కాలేదు. చర్మానికి తగలకపోతే గుచ్చే ప్రశ్నే లేదు కదా. షూ లోపల, సాక్సు కింద వేస్తే? అదే ఊళ్లో మగ్గం నేసే ఇంట్లో పాత కంబళి ముక్క ఒకటి కొన్నాను. కర్ణాటకలోని చళ్లకెర కంబళి సంతకు పోయే సరుకే ఇది అన్నారు.

జూలై

కంబళికి చింతగింజల గంజి పెడతారు. గింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి పట్టిస్తే కంబళి బిర్రుగా ఉంటుంది, వాన చుక్క కూడా త్వరగా దిగదు. షూ లోపల ఆ గంజి చెమటకు నానితే బంక అవుతుంది. అందుకే ముందు ముక్కను వేడినీళ్లలో నానబెట్టి గంజి వదిలేదాకా కాలితో తొక్కాను. మొదటి నీళ్లు మట్టి రంగులో, చిక్కగా వచ్చాయి. నీళ్లు తేటపడేసరికి ముక్క కుదించుకుని ఇంకా దట్టమైంది. ఇక్కడ అలా ముద్దకట్టడమే మనకు కావాలి. షూ లోపలి పాత సోల్ తీసి, దాన్ని కంబళి మీద పెట్టి సుద్దముక్కతో గీసి, తోలు కత్తెరతో కోశాను. అంచులు ఊడకుండా చుట్టూ మందపాటి దారంతో కుట్టు వేశాను.

పల్చని మెరినో కింద ఈ కంబళి సోల్ వేసిన రోజు, సాయంత్రం సాక్సు బరువు 40 గ్రాములే. మునుపు 43 ఉండేది. ఆ చెమటలో కొంత సోల్‌లోకి దిగింది. మధ్యాహ్నం సోల్ బయటికి తీసి ఎండలో పడేస్తే భోజనం ముగిసేలోపు గలగల్లాడుతూ ఆరిపోతుంది. కాటన్ సాక్సు కింద వేసి చూసినా లాభమే కనిపించింది, అంతగా కాకపోయినా. 950 పెట్టలేనివాళ్లకు నేను ముందు చెప్పేది ఈ సోల్ సంగతే. లోపం ఒకటుంది. మడమ కింద త్వరగా అణిగిపోతుంది. వారానికోసారి తడిపి, చేత్తో సాగదీసి ఆరబెడితే కొంత లేస్తుంది.

వినాయక చవితి తర్వాత

పల్చని మెరినో మడమను బల్బు మీద తొడిగి చూశాను. పాత ఫిలమెంటు బల్బు, వెలిగించనిదే, లోపల ఆనికకు. మడమ వెనక, షూ అంచు రాసుకునే చోట ఉన్ని అరిగిపోయి సన్నటి తెల్లటి నైలాన్ వల మాత్రమే మిగిలింది. చిల్లు ఇంకా పడలేదు. రఫూ చేయాల్సిన సమయం ఇదే. చిల్లు పడ్డాక చేస్తే అంచులు గట్టిగా ముడిపడి మడమకు ఒత్తుకుంటాయి.

ఉన్ని దారం దొరకడం కష్టమైంది. అల్లిక దారమని అంగళ్లలో ఇచ్చేదంతా అక్రిలిక్కే, అగ్గిపుల్ల పరీక్షలో దొరికిపోయింది. చివరికి మా అత్తమ్మ పాత శాలువా అంచు నుంచి మంచి ఉన్ని దారం దొరికింది. మొద్దుసూదితో, వల మీద ఉన్న కుట్ల దారినే దారం నడిపిస్తూ, పై వరస నుంచి కింది వరసకు వచ్చాను. కుట్టు ఎక్కడా లాగకూడదు, ముడి వేయకూడదు. కొసలను రెండు మూడు కుట్ల వెనక దాచి వదిలేయాలి. ఒక సాయంత్రం పట్టింది. మర్నాడు వేసుకుంటే మడమకు ఏమీ తగల్లేదు.

కాటన్ మూడు జతల్లో ఒకటి ఈపాటికి బొటనవేలి దగ్గర చిరిగింది, ఇంకోటి పైపట్టీ సాగి చీలమండ మీదికి జారుతోంది. పాలియెస్టర్ జత చెక్కుచెదరలేదు. గట్టిదనంలో దానికి ఎదురు లేదు. కాలి సుఖం మాత్రం లేదు.

దసరా

డబ్బు లెక్క. కాటన్ మూడు జతలు కలిసి నాకు ఏడాది లాగుతాయి. ఏడాదికి 240. మెరినో రెండు జతలు 1,900. రఫూతో రెండేళ్లు వస్తే ఏడాదికి 950. ఒట్టి అరుగుదల లెక్కలో కాటన్ గెలుస్తుంది, అందులో మొహమాటం లేదు. ఉన్ని ఎక్కువకాలం వస్తుంది కాబట్టి చవకే పడుతుంది అని చెప్పేవాళ్ల లెక్క నా షూలో నిలబడలేదు.

కానీ ఎండాకాలం నాలుగు నెలలూ పౌడరుకూ పూతమందుకూ నాకు ఐదారు వందలు పోయేవి. అది ఈసారి లేదు. అది తీసేస్తే ఏడాదికి తేడా ఒకటి రెండు వందల దగ్గరికి దిగుతుంది. ఆ ఒకటి రెండు వందలకు వేసవంతా బొబ్బ లేకుండా నడవడం దొరుకుతుంటే నేను సంతోషంగా ఇస్తాను. రోజుకు ఎనిమిది, పది గంటలు మూసిన షూలో ఉండేవాళ్లు, గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, సెక్యూరిటీ పనులు చేసేవాళ్లు, పల్చని మెరినో రెండు జతలు కొనుక్కోవచ్చు. చెప్పులతో తిరిగేవాళ్లకు, ఏసీ గదిలో కూర్చునేవాళ్లకు మంచి కాటన్ చాలు, అంత పెట్టనక్కర్లేదు. షుగరు ఉండి కాలికి స్పర్శ తగ్గినవాళ్లు పోగు కన్నా ముందు కుట్టు చూసుకోవాలి. వేళ్ల దగ్గర అతుకు ఉబ్బెత్తుగా ఉండకూడదు, పైపట్టీ చారలు పడేంత బిగుతుగా ఉండకూడదు. వాళ్లు డాక్టరును అడిగి కొనడమే మంచిది.

మా టెక్నీషియన్ కుర్రాడు ఒక జత తెప్పించుకున్నాడు. మిగతావాళ్లు కంబళి సోల్ అడుగుతున్నారు. ఆ మగ్గం ఇంటికి ఫోన్ చేసి, గంజి పెట్టని కంబళి ఒకటి, ఇంకాస్త దట్టంగా నేసి ఇమ్మన్నాను. దీపావళిలోపు ఇస్తామన్నారు. అది వచ్చాక మడమ కింద రెండు పొరలు వేసి కుట్టి చూడాలి.